ఆప్తుల ఎదుట అతిథి.. అది సంభాషణా? సమాధానమా?

హిందూపురం: ప్రశ్న అడిగినవారు హిందూపురం శాసనసభ్యులు. సమాధానం చెప్పినవారు ఆయనకు స్వయానా బావ, అప్పటి ప్రతిపక్ష నేత. కొంతసేపటికి వేదికపైకి వచ్చిన మూడో వ్యక్తి ఒకరికి కుమారుడు, మరొకరికి అల్లుడు. చర్చకు వచ్చిన అంశం 1995 ఆగస్టు. ఆనాడు ముఖ్యమంత్రి పీఠం కోల్పోయిన ఎన్‌.టి.రామారావు వేదికపై ఉన్న ఒకరికి తండ్రి, ఒకరికి మామ, ఇంకొకరికి తాత. అంతేకాదు, పదవి కోల్పోయిన రోజున ఆయన కూడా హిందూపురం శాసనసభ్యులే. 2022 అక్టోబరు 14న ‘అన్‌స్టాపబుల్‌ విత్‌ ఎన్‌బీకే’ రెండో విడత తొలి భాగంలో కనిపించిన దృశ్యమిది. అడిగినవారు నందమూరి బాలకృష్ణ, బదులిచ్చినవారు నారా చంద్రబాబునాయుడు, తర్వాత వచ్చి కూర్చున్నవారు నారా లోకేశ్‌.

ఇంటి వసారాలో జరగాల్సిన ముచ్చటను ఊరూవాడా కలిసి చూసింది. చూసినవారిలో కొందరికి అది వినోదం, కొందరికి చరిత్ర, మరికొందరికి ప్రచారం. ఇంతకూ ఇలాంటి కార్యక్రమాల్లో అతిథి చెప్పే మాటను ఏ లెక్కన తీసుకోవాలి? సినిమా తారకు వర్తించే కొలమానమే ప్రజాప్రతినిధికీ వర్తిస్తుందా?

అందరూ అయినవారే..

‘ఆహా’ 2020లో ఆరంభమైన తెలుగు ఓటీటీ వేదిక. దాని వెనుక ఉన్నవారిలో ప్రముఖుడు నిర్మాత అల్లు అరవింద్‌. బాలకృష్ణ వ్యాఖ్యాతగా 2021 నవంబరు 4న కార్యక్రమం మొదలైంది. తొలి అతిథి మంచు మోహన్‌బాబు. ఆ తర్వాత నాని, బ్రహ్మానందం, రాజమౌళి, కీరవాణి, రవితేజ, రానా, విజయ్‌ దేవరకొండ వంటివారు వరుసగా వచ్చారు. మహేశ్‌బాబు రాకతో 2022 ఫిబ్రవరిలో మొదటి విడత ముగిసింది. అంతవరకూ అది పూర్తిగా సినీ కుటుంబ వేడుక. తెరపై గంభీరంగా కనిపించే బాలకృష్ణ తన మీద తానే హాస్యమాడుకోవడం, అతిథులతో ఆటలాడటం ప్రేక్షకులకు కొత్తగా తోచింది.

సినీ అతిథులు ఎందుకొస్తారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ‘అఖండ’ బృందం, ‘పుష్ప’ బృందం, ‘వీరసింహారెడ్డి’ బృందం వచ్చిన సమయాలను ఆయా చిత్రాల విడుదల తేదీలతో పోల్చి చూస్తే సరిపోతుంది. నిర్మాతకు ప్రచారం, వేదికకు చందాదారులు, ప్రేక్షకుడికి కాలక్షేపం. ఇందులో దాపరికం లేదు, ఎవరికీ నష్టమూ లేదు. వేదిక యజమాని అల్లు అరవింద్‌ స్వయంగా ఒక భాగంలో అతిథిగా వచ్చారు. ఆయన కుమారుడు అల్లు అర్జున్‌ ‘పుష్ప’ బృందంతో వచ్చారు. ఆయన బావ చిరంజీవికి తమ్ముడైన పవన్‌ కల్యాణ్‌ కూడా వచ్చారు. తెలుగు చిత్రసీమలో బంధుత్వం తగలకుండా అతిథుల జాబితా రాయడం బహుశా ఎవరి తరమూ కాదేమో!

చిక్కల్లా రెండో విడతతోనే వచ్చింది. అతిథి పీఠంపైకి రాజకీయం వచ్చి కూర్చుంది.

ఒక్కరే మిగిలిన సాక్ష్యం

1994 డిసెంబరు ఎన్నికల్లో ఎన్టీఆర్‌ హిందూపురం, టెక్కలి రెండుచోట్లా గెలిచి హిందూపురాన్నే ఉంచుకున్నారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి తెదేపా శాసనసభ్యుల్లో అధిక భాగం హైదరాబాద్‌ ట్యాంక్‌బండ్‌ చెంతనున్న వైస్రాయ్‌ హోటల్‌లో చంద్రబాబు పక్షాన చేరారు. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్‌ కన్నుమూశారు. ఖాళీ అయిన హిందూపురం స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో ఆయన కుమారుడు హరికృష్ణ గెలిచారు. ఇవి వివాదం లేని విషయాలు. వివాదమంతా ‘ఎందుకు’ అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. వెన్నుపోటు అని ఒక వర్గం, పార్టీని కాపాడుకునే అనివార్యత అని మరో వర్గం.. దాదాపు మూడు దశాబ్దాలుగా ఈ వాదం తెగలేదు.

అన్‌స్టాపబుల్‌ వేదికపై చంద్రబాబు తన కథనం వినిపించారు. మామగారికి నచ్చజెప్పేందుకు ఎంతగానో ప్రయత్నించామని, పార్టీ కోసమే ఆ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిందని ఆయన చెప్పుకొచ్చారు. ఎదురుగా కూర్చున్న బాలకృష్ణ ఆ పరిణామాలకు బయటివారు కారు, కుటుంబ సభ్యుడిగా ఆనాడు బావ పక్షాన ఉన్నవారే. ఈ కథనాన్ని లక్ష్మీపార్వతి, వైకాపా నేతలు తీవ్రంగా ఖండించారు.

ఇక్కడ గమనించాల్సింది చంద్రబాబు చెప్పింది నిజమా, అబద్ధమా అన్నది కాదు. అది తేల్చే సాధనం ఆ వేదికపై లేకపోవడమే. అడిగినవారికి సమాధానం ముందే తెలుసు. ఎదురు ప్రశ్న వేయగలవారు అక్కడ లేరు. ఎన్టీఆర్‌ లేరు. తొలుత చంద్రబాబు వెంట నిలిచి, 1999లో వేరుపడి అన్న తెదేపా స్థాపించిన హరికృష్ణ 2018లోనే రోడ్డు ప్రమాదంలో మరణించారు. లక్ష్మీపార్వతికి ఆ వేదికపై కుర్చీ లేదు. ఒక పక్షం వాదన మాత్రమే, అదీ కన్నీటి తడితో, సంగీతం తోడుగా ప్రేక్షకుడి ముందుకు వచ్చింది. 1995 నాటికి పుట్టని యువ ఓటర్లలో కొందరికి ఆ సంక్షోభం గురించి తెలిసిన మొదటి పాఠం ఇదే అయివుంటుంది.

అలాగని ఆ సంభాషణకు విలువే లేదనడం తొందరపాటు. సుదీర్ఘకాలం ముఖ్యమంత్రిగా ఉన్న వ్యక్తి తన జీవితంలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టంపై కెమెరా ముందు తన మాట తాను చెప్పుకోవడం చరిత్రకారుడికి పనికొచ్చే సామగ్రే. కాకపోతే అది వాంగ్మూలం. తీర్పు కాదు.

కుర్చీని బట్టి మాట

అతిథిని ఎక్కడ కూర్చోబెడతారన్నదాన్ని బట్టి మాట తీరు మారుతుంది. 1972లో దూరదర్శన్‌లో మొదలైన ‘ఫూల్‌ ఖిలే హై గుల్షన్‌ గుల్షన్‌’ రెండు దశాబ్దాలపాటు సాగింది. వ్యాఖ్యాత తబస్సుమ్‌ నవ్వుతూ పలకరించేవారు, తారలు నవ్వుతూ బదులిచ్చేవారు. 1993లో జీ టీవీలో రజత్‌ శర్మ ‘ఆప్‌ కీ అదాలత్‌’ తెచ్చారు. అందులో అతిథికి సోఫా లేదు, బోను ఉంది. ఆరోపణలు చదువుతారు, న్యాయమూర్తి వేషంలో ఒక ప్రముఖుడు కూర్చుంటారు. అదీ నాటకమే. అయితే అభియోగాన్ని ముందుగా అందరికీ వినబడేలా చదవడం వల్ల ప్రేక్షకుడికి అవతలి వాదన ఏమిటో తెలిసేది.

తెలుగులో ఏబీఎన్‌ ఆంధ్రజ్యోతి ఛానల్‌లో వేమూరి రాధాకృష్ణ నిర్వహించిన ‘ఓపెన్‌ హార్ట్‌ విత్‌ ఆర్కే’ రాజకీయులు, సినీ ప్రముఖుల చేత మనసు విప్పించే ప్రయత్నం చేసింది. ఈటీవీలో ‘అలీతో సరదాగా’ది వేరే దారి. రాజమహేంద్రవరానికి చెందిన హాస్యనటుడు అలీ 2016 నుంచి ఈ కార్యక్రమం నిర్వహించారు. వెండితెర మరచిపోయిన పాతతరం నటీనటులు అందులో కూర్చుని తమ తొలినాళ్ల అవస్థలు, అవకాశాలు, అప్పులు, ఒంటరితనం గురించి చెప్పుకున్నారు. తెలుగు సినిమాకు సమగ్రమైన మౌఖిక చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. ఆ లోటును కొంతైనా ఇలాంటి సరదా కబుర్లే పూడ్చాయనడం అతిశయోక్తి కాదు. ఆ అలీ కూడా 2019లో వైకాపాలో చేరి, 2022లో ప్రభుత్వ సలహాదారుగా నియమితులయ్యారు. 2024 ఎన్నికల తర్వాత రాజకీయాలకు దూరమయ్యారు. వ్యాఖ్యాతల కుర్చీకీ, రాజకీయానికీ దూరం తగ్గిందనడానికి అదొక నిదర్శనం.

సోఫాలో కూర్చుని సరదాగా అన్న మాట సరదాగానే పోతుందనుకోవడమూ పొరపాటే. 2019 జనవరిలో ‘కాఫీ విత్‌ కరణ్‌’లో క్రికెటర్లు హార్దిక్‌ పాండ్య, కేఎల్‌ రాహుల్‌ పాల్గొన్నారు. మహిళలను కించపరిచేలా హార్దిక్‌ చేసిన వ్యాఖ్యలపై దేశమంతటా నిరసన రేగింది. ఆస్ట్రేలియా పర్యటనలో ఉన్న ఇద్దరినీ బీసీసీఐ సస్పెండ్‌ చేసి వెనక్కి పిలిపించింది. ఆ భాగాన్ని హాట్‌స్టార్‌ తొలగించింది. చివరకు అంబుడ్స్‌మన్‌ డి.కె.జైన్‌ ఒక్కొక్కరికి రూ.20 లక్షల జరిమానా విధించారు. విధి నిర్వహణలో అమరులైన పది మంది పారామిలటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు రూ.లక్ష చొప్పున, అంధుల క్రికెట్‌ అభివృద్ధికి రూ.10 లక్షలు చెల్లించాలని ఆదేశించారు. క్రీడాకారుడి నోరు జారితే అడిగేందుకు ఒక బోర్డు ఉంది. ప్రజాప్రతినిధి విషయంలో అడగాల్సింది ఓటరే.

కత్తెర ఎవరి చేతిలో..

ఇలాంటి కార్యక్రమాలు ప్రత్యక్ష ప్రసారాలు కావు. అతిథి రాకముందే అతడి జీవితాన్ని శోధించి ప్రశ్నలు సిద్ధం చేసే రచయితల బృందం ఉంటుంది. పాత ఫొటోలు, మిత్రుల ఫోన్‌కాల్స్‌, హఠాత్తుగా ప్రత్యక్షమయ్యే బంధువులు.. ప్రేక్షకుడికి ఆశ్చర్యంగా కనిపించేవి చాలావరకు ముందుగా పేర్చినవే. గంటల తరబడి సాగిన చిత్రీకరణ కత్తెరకు లోనై ప్రసారమవుతుంది. ప్రభాస్‌, పవన్‌ కల్యాణ్‌ల సంభాషణలను మాత్రం రెండేసి భాగాలుగా విడుదల చేశారు. 2022 డిసెంబరులో ప్రభాస్‌ భాగం వచ్చిన రాత్రి తాకిడికి ఆహా యాప్‌ మొరాయించింది. అంతటి గిరాకీ ఉన్న సరకులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది అతిథి ఒక్కరి ఇష్టమూ కాదు, ప్రేక్షకుడి ఇష్టం అసలే కాదు.

వీటన్నింటికన్నా ముందు వచ్చేది ప్రోమో. రెండు నిమిషాల ప్రోమోలో ప్రశ్న ఉంటుంది, సమాధానం ఉండదు. పత్రికల్లో, ఛానళ్లలో వారం రోజులు నానేది ఆ ప్రశ్నే. అసలు భాగంలో సమాధానం చప్పగా ఉన్నా అప్పటికే జరగాల్సిన ప్రచారం జరిగిపోయి ఉంటుంది.

మిత్రుల మధ్య నిజాలు

రెండో విడతలోనే మాజీ ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి, మాజీ సభాపతి కె.ఆర్‌.సురేశ్‌రెడ్డి కలిసి వచ్చారు. ముగ్గురూ నిజాం కళాశాల రోజుల మిత్రులు. బాలకృష్ణది తెదేపా, కిరణ్‌ది అప్పటివరకూ కాంగ్రెస్‌ వారసత్వం, సురేశ్‌రెడ్డిది తెరాస. మూడు పార్టీల మనుషులు విద్యార్థుల్లా నవ్వుకోవడం ఈ కార్యక్రమం మొత్తంలో చెప్పుకోదగ్గ ఘట్టం. ఇక్కడ చుట్టరికం లేదు, స్నేహం ఉంది. ఉమ్మడి రాష్ట్ర చివరి ముఖ్యమంత్రి నోట విభజన నాటి సంగతులు వినే అవకాశం తెలుగువారికి అరుదుగానే దొరికింది. ఆ తర్వాత కొద్ది నెలలకే, 2023 ఏప్రిల్‌లో కిరణ్‌ భాజపాలో చేరారు.

పవన్‌ కల్యాణ్‌ భాగాలు 2023 ఫిబ్రవరిలో వచ్చాయి. ఇంత అభిమానం ఓట్లుగా ఎందుకు మారలేదన్న ప్రశ్న బాలకృష్ణ నోట వచ్చింది. జనసేనానికి విలేకరుల సమావేశంలోనైనా అంత సూటి ప్రశ్న ఎదురవడం అరుదు. సాటి నటుడు, సాటి నాయకుడు అడిగాడు గనుక అది దెప్పిపొడుపు కాలేదు. చనువుకు ఉన్న బలం అదే, బలహీనతా అదే. 2023 సెప్టెంబరు 14న రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం బయట పవన్‌ తెదేపాతో పొత్తు ప్రకటించినప్పుడు పక్కన నిలబడినవారు బాలకృష్ణ, లోకేశ్‌. ఏడు నెలల క్రితం సోఫాలో ఎదురెదురుగా కూర్చున్నవారు జైలు గేటు ముందు ఒకే వరుసలో కనిపించారు.

మళ్లీ అదే వేదిక.. ఈసారి ముఖ్యమంత్రిగా

2024 అక్టోబరు 25న నాలుగో విడత తొలి అతిథిగా చంద్రబాబు మళ్లీ వచ్చారు. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి, బాలకృష్ణ మూడోసారి గెలిచిన హిందూపురం ఎమ్మెల్యే. నంద్యాలలో 2023 సెప్టెంబరు 9న జరిగిన అరెస్టు, యాభై రోజులకు పైబడిన జైలు జీవితం చర్చకు వచ్చాయి. ఒక వృద్ధ నాయకుడు తన చెర అనుభవాన్ని చెబుతుంటే వినేవారి గుండె కరగడం సహజం. అయితే ఆ అరెస్టుకు కారణంగా చూపిన కేసు ఏమిటో, అభియోగాలేమిటో, వాటికి జవాబేమిటో తెలుసుకోవాలంటే కోర్టు పత్రాలే చూడాలి.

ఈ ఇద్దరూ ఎదురుపడే చోటు మరొకటుంది. శాసనసభలో ఎమ్మెల్యే అడిగిన ప్రశ్నకు ముఖ్యమంత్రి ఇచ్చే సమాధానం రికార్డులకెక్కుతుంది. అనుబంధ ప్రశ్నలు వేసే హక్కు ఇతర సభ్యులకూ ఉంటుంది. సభను తప్పుదోవ పట్టించారనిపిస్తే హక్కుల ఉల్లంఘన నోటీసు ఇవ్వవచ్చు. హిందూపురం తాగునీటి గురించైనా, 1995 గురించైనా అక్కడ పలికిన మాటకు కత్తెర వేసే అధికారం సభాపతికే ఉంది. అతిథి పీఠంపై పలికిన మాటకు మాత్రం తర్వాతి వారం మరో అతిథి రావడమే ముగింపు.