కౌలు కాగితము కనబడనప్పుడు

తెలుగువారు నిత్యము వాడే 'కౌలు' అన్న పదము అరబ్బీ 'కౌల్' నుండి వచ్చినది. దాని అర్థము మాట, వాగ్దానము. 'వారసుడు' అరబ్బీ 'వారిస్' నుండి, 'దస్తావేజు' ఫారసీ నుండి మన భాషలో చేరినవి. భాషలో ఇంతగా కలిసిపోయిన ఈ మాటలు మన ఇళ్ళలోని పాత కాగితాలలో మాత్రము చదివేవారు లేక మూగవోతున్నవి.

తాండూరు ప్రాంతములోవలె నాపరాయి దొరికే చోట, తాతల నాడు భూమిని రాయి తీయుటకు కౌలుకిచ్చిన కుటుంబాలుంటాయి. తాత పోయిన పిమ్మట భూమి పంపకమవుతుంది. కౌలు పత్రము మాత్రము కనబడదు. అట్టి పత్రమును వెదకే మార్గమేదో విద్యార్థులకు తెలుపుటయే మా ఉద్దేశము. మేము భాష బోధించేవారము, న్యాయవాదులము కాము. కనుక వివాదమున్నచోట న్యాయవాదిని సంప్రదించుట మేలు.

మొదట హక్కు ఏదో తేల్చుకోవలెను. భూమిపై హక్కు వేరు, భూగర్భ ఖనిజముపై హక్కు వేరు, కౌలు సొమ్ముపై హక్కు వేరు. మద్రాసు రాష్ట్రములో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము క్రింద స్వాధీనమైన జమీందారీలలోని గనులు, ఖనిజములు ప్రభుత్వపరమైనవి. మలబారు భూముల విషయమై సుప్రీం కోర్టు 2013 జూలైలో ఇచ్చిన తీర్పులో, చట్టము ద్వారా హక్కు తొలగించబడనిచో భూగర్భ ఖనిజము సాధారణముగా భూయజమానిదేనని చెప్పినది. అయినను ఏ భూమి చరిత్ర ఆ భూమిదే. నాపరాయి వంటి చిన్న తరహా ఖనిజమునకు పట్టా భూమిలో ప్రభుత్వము లీజు ఇచ్చునపుడు పట్టాదారుని సమ్మతి పత్రము దాఖలగును. ఆ పత్రమే వారసులకు మంచి ఆధారము.

రెండవ మెట్టు సబ్-రిజిస్ట్రారు కార్యాలయము. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకములో నమోదవుతాయి. పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తిని బట్టి మరొక సూచిక ఉంటాయి. తాత పేరు, గ్రామము, సర్వే నంబరు తెలిసినచో రుసుము చెల్లించి ఎవరైనను వెదకించి నకలు పొందవచ్చును. ధ్రువీకరించిన నకలు అసలు పత్రములోని విషయమును రుజువు చేయుటకు పనికివస్తుంది. 1983కు పూర్వపు లావాదేవీలకు పాత సంపుటములనే తిరగవేయించవలెను.

అక్కడ దొరకనిచో గనులు, భూగర్భ శాఖ జిల్లా కార్యాలయమునకు పోవలెను. లీజు దరఖాస్తు, హద్దుల పటము, సమ్మతి పత్రము ఆ ఫైలులో ఉండవలసినవి. నోటి మాటతో పని కాకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వ్రాతపూర్వకముగా కోరవచ్చును. జవాబుకు గడువు 30 దినములు.

మూడవది రెవెన్యూ దస్త్రము. తెలంగాణలో సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, తరువాతి పహాణీలు వరుసగా చూచినచో భూమి ఎవరి నుండి ఎవరికి చేరినదో తెలుస్తుంది. నిజాం నాటి కాగితాలలో ఫసలీ సంవత్సరము ఉంటుంది. దానికి 590 కలిపినచో క్రీస్తు శకము సుమారుగా వస్తుంది. ఫసలీ 1350 అనగా 1940-41. అవి ఉర్దూలో ఉంటాయి. 'మౌజా' అనగా గ్రామము, 'రఖ్బా' అనగా విస్తీర్ణము, 'ఖాబిజ్' అనగా స్వాధీనములో ఉన్నవాడు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారములోను ఆ కాలపు దస్త్రములున్నవి.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. ఒక ముస్లిము గృహస్థు భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను విడిచి మరణించినాడనుకొందాము. హనఫీ ధర్మశాస్త్రము ప్రకారము, అప్పులు తీరిన పిమ్మట, కౌలు సొమ్ము 40 రూపాయలైతే భార్యకు 5, ఒక్కొక్క కుమారునికి 14, కుమార్తెకు 7 రావలెను. పత్రము లేనిచో గనికి దగ్గరగా ఉన్న కుమారుడే మొత్తము తీసుకొనుట, అత్తవారింటనున్న ఆడపడుచు అడుగుటకు మొగమాటపడుట జరుగుతుంది. హిందూ కుటుంబాలలోను 2005 సవరణతో కుమార్తెకు సమాన హక్కు వచ్చినను, కాగితము లేని చోట ఆ హక్కు మాటగానే మిగులుతుంది.

విద్యార్థులారా! ఈ కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును చదువుతున్న మీకు ఇతరులకు లేని సాధనమొకటి ఉన్నది. సెలవులలో ఇంటి పెద్దలను అడిగి పాత పెట్టెలోని కాగితాలను చదివి, ఊరి పేరు, సర్వే నంబరు, ఫసలీ సంవత్సరము ఒక నోటుపుస్తకములో తెలుగున వ్రాసి ఉంచండి. వెదకులాటకు అదే మొదటి ఆధారము.