పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఐఆర్ ఫిల్టర్ తీయించాలా? భద్రాచలం వైపు ఆకాశం షూట్ చేసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సినవి

ఖమ్మం టౌన్ లైట్లు దాటి భద్రాచలం మీదుగా చర్ల వైపు వెళ్తే ఆకాశం బాగా చీకటిగా ఉంటుంది. అక్కడ ట్రైపాడ్ వేసి ఒరాయన్‌ను తీస్తే చుక్కలు బాగానే వస్తాయి. కానీ ఎర్రగా రావాల్సిన నెబ్యులాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. చాలాసార్లు దీనికి కారణం లెన్స్ కాదు, సెన్సర్ ముందున్న ఫిల్టర్. మరి దాన్ని తీయించాలా?

ఫిల్టర్ ఏం చేస్తుంది?

కెమెరా సెన్సర్ మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా, సుమారు 1000 నానోమీటర్ల దాకా పట్టేస్తుంది. దాన్ని ఆపకపోతే పగటి ఫొటోల్లో రంగులు పాడవుతాయి. అందుకే కంపెనీలు ఈ అద్దం పెడతాయి.

చిక్కేంటంటే, నెబ్యులాల్లోని హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. అది ఇన్‌ఫ్రారెడ్ కాదు, మామూలు ఎరుపే. కానీ ఫిల్టర్ అంతకు ముందు నుంచే కోత మొదలుపెడుతుంది. చాలా మోడల్స్‌లో ఆ ఎరుపు సుమారు పావు వంతే సెన్సర్‌కి చేరుతుంది. అందుకే కెనాన్ 2005లో ఈఓఎస్ 20డీఏ, 2019లో ఈఓఎస్ ఆర్ఏ, నికాన్ 2015లో డీ810ఏ తెచ్చాయి. మామూలు డీ810 కంటే డీ810ఏ ఈ ఎరుపును 4 రెట్లు ఎక్కువగా తీసుకుంటుందని నికాన్ చెప్పింది.

రెండు రకాల మార్పు

1. ఆస్ట్రో మోడ్: 656 ఎరుపును వదిలి, ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే కొత్త ఫిల్టర్ వేస్తారు. ఎక్కువమందికి ఇదే సరైనది.
2. ఫుల్ స్పెక్ట్రమ్: మొత్తం తీసేసి క్లియర్ గ్లాస్ పెడతారు. లెన్స్ వాడితే చుక్కల చుట్టూ ఉబ్బు వస్తుంది కాబట్టి ముందు విడిగా ఐఆర్ కట్ ఫిల్టర్ వేసుకోవాలి.

రెండింటిలోనూ పగటి ఫొటోలు ఎర్రగా వస్తాయి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోవాలి. అద్దం మందం మారితే ఆటోఫోకస్ కూడా తప్పొచ్చు. లైవ్ వ్యూలో ఫోకస్ చేయడం మేలు.

దేనికి లాభం, దేనికి కాదు?

చలికాలంలో రోజెట్, హార్స్‌హెడ్, బర్నార్డ్ లూప్ చిత్రాల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో కరీనా నెబ్యులా కూడా దొరుకుతుంది. కాకపోతే మన దగ్గర అది దిగంతం నుంచి 13 డిగ్రీలు కూడా పైకి లేవదు. దక్షిణం వైపు ఊరి లైట్లు, చెట్లు అడ్డులేని చోటు వెతుక్కోండి.

పిల్లలకోడి చుట్టూ ఉండే నీలి మబ్బుకి, మామూలు నక్షత్రాల ఫొటోలకి పెద్ద లాభం ఉండదు.

ఇంట్లో విప్పొచ్చా?

మేమైతే వద్దంటాం. బిల్ట్‌ఇన్ ఫ్లాష్ ఉన్న కెమెరాలో బ్యాటరీ తీసేశాక కూడా కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. గట్టి షాక్ కొడుతుంది. సెన్సర్ మీద గీత పడితే కెమెరా పోయినట్టే. వారంటీ ఎలాగూ పోతుంది. ఫోన్ కెమెరాతో అయితే అసలు ప్రయత్నించొద్దు.

ఫైనల్‌గా

ఉన్న ఒక్క కెమెరాతోనే పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీస్తుంటే దాన్ని ముట్టుకోవద్దు. మూలన పడున్న పాత బాడీ ఉంటే, అనుభవం ఉన్నవాళ్లతో ఆస్ట్రో మోడ్ చేయించండి. అంతకంటే ముందు మామూలు కెమెరాతోనే ఒకసారి చీకటి ఆకాశం కిందికెళ్లి ఎక్కువ ఫ్రేములు తీసి స్టాక్ చేసి చూడండి. ఊరి లైట్ల కింద ఫిల్టర్ తీసినా ఫలితం సగమే. ఒక్క మాట: అనుమతి లేకుండా రాత్రిపూట రిజర్వ్ ఫారెస్ట్‌లోకి వెళ్లొద్దు. అడవి అంచు ఊళ్లో తెలిసినవాళ్ల డాబా చాలు.