కారులో కాళ్ల దగ్గర సెగ ఎందుకు?

ప్రశ్న: చింతామణి నుంచి బెంగళూరుకు పోతుంటే ఏసీ చల్లగానే వస్తుంది, ఎడమ కాలి దగ్గర మాత్రం సెగ. ఎందుకు? ఎలా పోగొట్టాలి?

ఎడమ కాలు అనడంతోనే సగం జవాబు మీరే చెప్పేశారు. మన కార్లలో డ్రైవరు ఎడమ కాలి పక్కన, నడిమధ్యలో, ఫ్లోర్ గట్టులా లేచి ఉంటుంది. చాలా కార్లలో సైలెన్సర్ పైపు దాని కిందుగానే వెనక్కి పోతుంది. దానికి పైన, డాష్‌బోర్డు లోపల హీటర్. ఇంజను తాగే ఇంధనంలో బండిని లాగేది మూడో వంతుకు అటూ ఇటూ, మిగతాదంతా వేడే. పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పనిలో ఉన్నప్పుడు 400 డిగ్రీలు దాటుతుంది.

ముందు హీటర్‌ను అనుమానించండి, పైసా ఖర్చు లేదు. ఇంజను వేడెక్కాక ఏసీ ఆపి, నాబ్ పూర్తిగా నీలం వైపు తిప్పి, గాలిని కాళ్ల వైపు వదలండి. బయటి గాలి కన్నా బాగా వేడిగా వస్తే లోపలి ఫ్లాప్ సరిగా మూసుకోవడం లేదు. దాని కేబులో, చిన్న మోటారో చూపించండి.

గాలి మామూలుగా ఉండి కార్పెట్ కింది రేకు కాలుతుంటే, తప్పు కిందుంది. ర్యాంపు ఎక్కించి చూడాలి. జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరొద్దు. పైపుకూ ఫ్లోర్‌కూ మధ్య పలచని హీట్ షీల్డ్ ఉంటుంది. హంపులు తగిలి, బోల్టు తుప్పు పట్టి అది గలగలమంటుంది. కొందరు మెకానిక్‌లు పీకి పారేస్తారు. చప్పుడు పోతుంది, సెగ మొదలవుతుంది! బోల్టు రంధ్రం పెద్దదైతే వెడల్పాటి వాషర్ వేసి బిగించవచ్చు. రేకు పైపుకు తాకకూడదు; మధ్యనున్న గాలి సందే సగం రక్షణ. మందపాటి మ్యాట్ వేస్తే వేడి తెలియదు, తగ్గదు. పైగా పెడల్‌కు అడ్డం.

సెగతో పాటు పొగ వాసనో తలనొప్పో ఉంటే అద్దాలు దించి, బండి ఆపి దిగండి. పైపు చిల్లిపడి ఉండొచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మన వైపు ఇంకో కారణం ఉంది. ఉలవ, రాగి కోతలయ్యాక పల్లెల్లో రోడ్డే కళ్లం. పంటను తారు మీద పరిచి మన చక్రాలతో నూర్పిస్తారు. రైతుకు అది కూలి ఖర్చు మిగులు, తప్పుబట్టలేం గానీ, ఉలవ తీగ మహా మొండిది. యాక్సిల్‌కు చుట్టుకుని, పైపుకూ షీల్డ్‌కూ మధ్య ఇరుక్కుని, ఎండి, కమురుతుంది. కర్ణాటకలో ఇలా కార్లు కాలిపోయాయి కూడా. వీలైతే పక్కనుంచి పొండి. తప్పక తొక్కితే, కాస్త దూరంలో శుభ్రమైన చోట ఆపి వంగి చూడండి. చిక్కుకున్నది పైపు చల్లారాకే కర్రతో లాగండి. పొగ కనిపించిందా, ఇంజను ఆపి అందరినీ ముందు దించేయండి, ఆ తర్వాతే మిగతాది.