సైరంధ్రి మొఱ



గడచిన మాఘమాసమున నొకనాఁటి సాయంకాలము ఆళ్లగడ్డనుండి మా పెద్దతల్లిగారి కూఁతురు తన కుమార్తెను వెంటఁబెట్టుకొని నంద్యాలలోని మా యింటికి వచ్చినది. ఆ పిల్ల బి.కాం. చదివి, రెండేండ్లుగా దినమును ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చి నంద్యాలలో నొక చిన్న వర్తకశాలలో లెక్కలు వ్రాయుచున్నది. వచ్చినది మొదలు తల్లియే మాటలాడుచుండెను. పిల్ల నోరు విప్పలేదు.

సంగతి యేమనఁగా, ఆ వర్తకశాలలో పెత్తనము చేయువాఁ డొకఁడు రాత్రివేళల నీ పిల్లకు ఫోనులో తగని మాటలు వ్రాసి పంపుచుండెను. బదులీయకుండుటచే లెక్కలలో లేని తప్పులు వెదకుటయు, సాయంకాలపు బస్సు పోవువఱకు నేదో పని కల్పించి నిలిపియుంచుటయు మొదలుపెట్టెను. ఒకనాఁడు చేయి పట్టుకొనెను. చూచినది అచ్చట ఊడ్చి తుడుచు ముసలమ్మ యొక్కతెయే.

“పెండ్లి కావాల్సిన పిల్ల చెల్లీ. గమ్మున మానుకుంటే ఎవరికీ తెలీదు” అని అక్క చెప్పినది. మేమును తల యూఁచితిమి. దాఁచనేల? ఆ క్షణమున మాకును అదియే తెలివైన మార్గముగాఁ దోఁచినది. అప్పుడు పిల్ల తల యెత్తి, “చిన్నమ్మా, తప్పు చేసినోడు కుర్చీలో కూర్చోనుంటే నేనెందుకు ఇంట్లో కూర్చోవాల?” అని యడిగినది. మాకు బదులు దొరకలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక విరాటపర్వము తీసితిమి. మా తండ్రిగారు మమ్ము బడికిఁ బంపలేదు గాని భారతమును తామే దగ్గఱఁ గూర్చుండఁబెట్టుకొని చెప్పిరి. వానలు లేనప్పుడు మన యూళ్లలో విరాటపర్వము చదివించు వాడుక మీ రందఱెఱిఁగినదే. చదువువారు నర్తనశాలకుఁ జేరఁగానే వినువారు సర్దుకొని కూర్చుందురు. భీముఁడు కీచకునిఁ జంపునప్పటి సంతోషములో, అంతకు ముందును, అటు తరువాతను జరిగినది మనము సగము విని సగము విడిచిపెట్టుదుము. మేమును అట్లే విడిచిపెట్టియుంటిమని ఆ రాత్రి తెలిసికొంటిమి.

సైరంధ్రి యనఁగా కొలువుచేసి బ్రదుకు స్త్రీ. రాణికిఁ దల దువ్వి పూలమాలలు గట్టుట యామె పని. కీచకుఁడు రాణికిఁ దోఁబుట్టువు, రాజునకు సేనాపతి. అతని చెడునడత సైరంధ్రి రాణికిఁ దెలియఁజేసినది. ఈ కాలపు మాటలలోఁ జెప్పవలెనన్న, పైయధికారికి మొఱపెట్టుకొన్నది. సుదేష్ణ యేమి చేసినది? మద్యము తెమ్మని పాత్ర చేతికిచ్చి ఆ కీచకుని యింటికే పంపినది. మఱియొకతెను బంపుమని వేఁడుకొన్నను వినలేదు. సైరంధ్రి తప్పించుకొని సభకుఁ బరుగెత్తఁగా, రాజు చూచుచుండఁగానే కీచకుఁ డామెను దన్నెను. రాజు కీచకుని దండింపఁజాలఁడయ్యెను. కంకుని వేషముననున్న సొంత భర్తయే, సభలో నిలువక లోనికిఁ బొమ్మనెను.

కీచకుఁడు చచ్చిన తరువాత నైనను ఆమెకు శాంతి గలదా? ఉపకీచకులు వానితోఁగూడ నామెను దహింపఁ గట్టుకొనిపోయిరి. ఆ గండము గడచి తిరిగి వచ్చినదానితో రాణి పలికిన మాట, నీవు మా రాజ్యము విడిచి పొమ్మని! రాజుగారే యట్లు చెప్పుమనిరఁట. మొఱపెట్టిన దామె, బాధపడిన దామె, కొలువు పోవలసినదియు నామెయే. పదుమూఁడు దినములు గడువిమ్మని బ్రతిమాలుకొని ఆమె నిలిచినది.

ఇన్ని యేండ్లుగా మేము కీచకునే నిందించుచుంటిమి. ఆ రాత్రి మాత్రము సుదేష్ణయే కన్నులయెదుట నిలిచినది. ఆమె దుర్మార్గురాలు గాదు. ఇంటి పరువు, తోఁబుట్టువు ముఖము, భర్త యధికారము, ఇవి యన్నియుఁ దలపోసి గమ్మున నుండుటయే మేలని తలఁచిన గృహిణి. సాయంకాలము తల యూఁచిన మాకును ఆమెకును గల భేద మేమి?

మఱియొక మాట. సైరంధ్రికి భీముఁ డుండెను. అట్టివాఁడు లేని స్త్రీల మాట యేమి?

ఈ ప్రశ్నకు మన దేశమున బదులు పుట్టించినది రాజస్థానములోని భటేరి గ్రామపు భఁవరీదేవి. కుమ్మరి కులమునఁ బుట్టిన ఈమె ప్రభుత్వము వారి స్త్రీల యభివృద్ధి పథకములో ‘సాథిన్’ యను చిన్న యుద్యోగము చేయుచుండెను. 1992లో నొక పసిబిడ్డ పెండ్లిని ఆపఁజూచుట యామె యుద్యోగ ధర్మము. అందుకుఁ బగఁబూని ఊరి పెద్దకులమువారు కొందఱు ఆమెపై సామూహికముగా బలాత్కారము చేసిరి. ఆమె దాఁచలేదు, పోలీసులయొద్దకును, న్యాయస్థానమునకును బోయినది. 1995లో క్రింది న్యాయస్థానము నిందితులను ఆ నేరమునుండి విడిచిపెట్టెను. అయినను ఆ మొఱ యంతటితో నాఁగలేదు. కొలువు చేయించుకొన్నవారికి ఆమెను గాపాడు బాధ్యత లేదా యని విశాఖ మొదలగు సంఘములు సుప్రీముకోర్టు నడిగినవి. 1997 ఆగస్టు 13వ తేదీన ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మగారి ధర్మాసనము, పని చేయించుకొను ప్రతి యజమానియు ఇట్టి మొఱలు విను సంఘము నేర్పఱుపవలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పు చట్టమగుటకు మఱి పదునాఱేండ్లు పట్టినది. 2013లో వచ్చిన ఆ చట్టమునే మేము మఱునాఁడు మా వారిచేఁ దెప్పించుకొని చదివితిమి. బడిపంతులుగారి యింట కాగితములకుఁ గొదువ లేదు గదా.

పదిమందియో అంతకు మించియో పనిచేయు ప్రతిచోట అంతర్గత సంఘ ముండవలెను. దానికి స్త్రీయే యధ్యక్షురాలుగా నుండవలెను. సభ్యులలో సగమునకుఁ దక్కువ గాకుండ స్త్రీలే యుండవలెను. బయటివా రొకరును ఉండవలెను. ఏర్పఱుపని యజమానికి ఏఁబదివేల రూపాయలవఱకు జరిమానా. ఇంతవఱకు మేము ముందే వినియుంటిమి. విననిది తరువాతి భాగము. పదిమందికిఁ దక్కువగా నున్నచోట, లేక తప్పుచేసినవాఁడు యజమానియే యైనచోట, మొఱ జిల్లాలోని స్థానిక సంఘమునకుఁ బోవును.

ఇది మన ప్రాంతమున కెంత ముఖ్యమో చూడుఁడు. ఆళ్లగడ్డలో విగ్రహములు చెక్కు పాకలు మీరు చూచియే యుందురు. ఉదయమునుండి ఉలిచప్పుడు, నల్లరాతిలోనుండి దేవతలు పుట్టుచుందురు. ఒక్కొక్క పాకలో పనివారు నలుగురో, అయిదుగురో. నంద్యాలలోని బట్టల యంగళ్లు, మందుల దుకాణములు, చిన్న చిన్న ప్రైవేటు బడులు, వీనిలో నెన్నిట పదిమంది యుందురు? మా పిల్ల పనిచేయుచోట ఏడుగురు. పూర్వమైన నిట్టి కాగితము పట్టుకొని కర్నూలు దాఁకఁ బోవలసియుండెడిది. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల జిల్లా కేంద్రమైనది గనుక కలెక్టరు కార్యాలయ మిప్పుడు మన యూరనే యున్నది. జిల్లా జిల్లాకును ఇందులకై అధికారిని నియమించి స్థానిక సంఘములను ఏర్పఱుపవలెనని సుప్రీముకోర్టు 2024 డిసెంబరు 3వ తేదీన మరల గట్టిగా నాజ్ఞాపించినది. పదునొకండేండ్ల చట్టమునకు ఇంకను ఆజ్ఞలు కావలసివచ్చుటయే విచారము.

ఇంకొక విషయము చెప్పుటకు మాకు కొంచెము సంకోచముగా నున్నది. మన యిండ్లలో అంట్లు తోము స్త్రీయు ఈ చట్టము దృష్టిలో కొలువుచేయునదియే. మన యిల్లే యామె పనిచోటు. ఆమె మొఱలో నిజము పొడకట్టినచో స్థానిక సంఘము ఏడు దినములలో దానిని పోలీసులకుఁ బంపవలెను. మన పనిమనిషి మానివేసినప్పుడు కారణ మడిగినవారము మనలో నెందఱము?

ఇఁక రహస్యము మాట. 2002లో సత్యేంద్ర దూబే యను నింజనీరు, జాతీయ రహదారి పనులలో జరుగుచున్న మోసమును ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు బయటపెట్టవద్దని కోరెను. ఆ యుత్తరము పేరుతోనే కార్యాలయములు తిరిగెను. 2003 నవంబరు 27వ తేదీన గయలో నాయనను గాల్చి చంపిరి. ఇట్టివారిని రక్షించుటకై 2014లో పార్లమెంటు చేసిన చట్టము నేఁటివఱకు అమలులోనికిఁ దేఁబడలేదు. మన తెలుఁగువారి సత్యం కంప్యూటర్సు కథ మఱొక తీరు. 2008 డిసెంబరులో నెవరో మాఱుపేరుతో ఆ కంపెనీ సంచాలకులలో నొకరికి లెక్కల మోసమును గూర్చి వ్రాసిరి. మూఁడు వారములైనను గడవకమునుపే, 2009 జనవరి 7వ తేదీన, అధ్యక్షుఁడు రామలింగరాజు తానే తప్పొప్పుకొనెను. పేరు దాఁగినచోట నిజము బయటికి వచ్చినది. పేరు బయటపడినచోట ప్రాణము పోయినది.

కాని మా పిల్ల మాఱుపేరుతో వ్రాయుటకు వీలు లేదు. తనకు జరిగిన యవమానమును తన పేరుతోనే చెప్పవలెను. కాఁబట్టి ఆ పేరును గాపాడవలసినవారు ఇతరులు. మొఱపెట్టినదాని పేరుగాని, సాక్షుల పేర్లుగాని, విచారణలోని సంగతులుగాని పత్రికలకును లోకమునకును వెల్లడి చేయరాదని చట్టము చెప్పుచున్నది. చట్ట మచ్చట నాఁగును. పేరంటములోఁ దాంబూలము పుచ్చుకొనుచు, “ఎవరితోను అనకు వదినా” యని మొదలుపెట్టు నోళ్ల కే జరిమానా గలదు? మేమును ఆ నోళ్లలోని వారమే. అందుచేతనే ఈ వ్యాసమున ఊరి పేరు దప్ప మఱే గుర్తును వ్రాయలేదు; ఆ యూరనుండి నంద్యాలకుఁ బనికి వచ్చు పిల్లలు వందలుందురు.

మా యక్కకు మఱి రెండు భయము లుండెను. ఋజువు కానిచో పిల్లయే యబద్ధమాడినదని శిక్షింతురేమో యనునది యొకటి. కావలెనని యబద్ధ మాడినప్పుడే గాని, ఋజువు చాలనంతమాత్రమున శిక్ష లేదని చదివి వినిపించితిమి. రెండవది, అవతలివారు డబ్బిచ్చి రాజీ చేసికొందమన్న నేమి చేయవలెనని. రాజీ కోరవలసినది పిల్లయే. అందును సొమ్ము పుచ్చుకొని చేయు రాజీ చెల్లదు. ఇది విని మా బావగారు, “ఐతే పంచాయతీ పెద్దలతోఁ బని లేదన్నమాట” యనిరి. ఆ మాటలో నూఱట యెంతో, నిరాశ యెంతో మాకుఁ దెలియలేదు.

కడపటి సంఘటన జరిగిన మూఁడు నెలలలోఁగా కాగిత మీయవలెను. తగిన కారణమున్న మఱి మూఁడు నెలలు గడువిత్తురు. పిల్ల ఫోనులోని సందేశముల నొక్కటియుఁ జెఱుపలేదు; ఆమె తెలివి యచ్చటనే కనఁబడినది. తేదీలు వరుసగా వేసి, తన మాటలలోనే వ్రాసికొన్నది. మా వారు అక్షరదోషములు దిద్దఁబోఁగా వలదంటిమి. ఆఱు ప్రతులు, వానితో సందేశముల ప్రతులు, సాక్షి పేరు చేర్చి కలెక్టరు కార్యాలయములో నిచ్చి రసీదు తెచ్చుకొన్నది. తల్లియే వెంట వచ్చినది. విచారణ తొంబది దినములలో ముగియవలెను. ఈలోపల కోరినచో మూఁడు నెలలవఱకు సెలవు సిఫారసు చేయవచ్చునని చట్టమున నున్నను, పిల్ల కోరలేదు. ఉదయపు బస్సు కెప్పటివలెనే పోవుచున్నది.

సాక్షి యన్నచో ఆ ముసలమ్మయే. మొదట “నాకెందుకమ్మా, నా కూడు పోతాది” అన్నది. పిల్ల బలవంతపెట్టలేదు. నాలుగు దినముల తరువాత తానే వచ్చి, “నా మనవరాలు కూడా రేపు పనికి పోవాల గదా” యని వ్రేలిముద్ర వేసినది. సాక్షి పేరు దాఁచుమని చట్ట మన్నది సరియే. ఏడుగురు పనిచేయుచోట పేరు దాఁగునా?

నిన్న రాత్రి ఆళ్లగడ్డనుండి అక్క ఫోను చేసినది. పిల్ల పెండ్లి మాట యెత్తునని తలఁచితిమి. ఆమె యడిగినది వేఱు: “ఒకటో తేదీ పోయి ఎనిమిది దినాలైంది చెల్లీ, ఆ ముసలామెకు జీతం ఈలేదంట. దానికి ఎవరికి రాయాల?” అని. మా వా రిప్పుడు ఆ రెండవ కాగితము వ్రాయుచున్నారు. ఈ నెల బియ్యమునకు అక్కయు మేమును చెఱిసగము పంపితిమి.