‘సర్వర్ డౌన్ అండి’.. కొల్లేరు దాటకుండానే రౌటర్‌ను సరిచేయొచ్చా?

మీసేవ కేంద్రంలో గంట నుంచి కూర్చున్నారు. మీ వంతు రాగానే ఆపరేటర్ నోట ఆ మాటే.. ‘సర్వర్ డౌన్ అండి, రేపు రండి’. నిజానికి చాలాసార్లు పడుకునేది సర్వర్ కాదు. దారిలో ఏదో ఒక రౌటరో, స్విచ్చో మొండికేస్తుంది. నెట్‌వర్కే పోయాక నెట్‌వర్క్ ద్వారా దాన్ని బాగుచేయలేరు కదా. ల్యాప్‌టాప్, కేబుల్ పట్టుకుని మనిషి వెళ్లాల్సిందే.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం అయితే రైలెక్కేయొచ్చు. కైకలూరు సంగతి వేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. మధ్యలో మాత్రం కొల్లేరు అలాగే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సరస్సులోకి చేరి ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగింది, రాకపోకలు ఆగిపోయాయి. కొల్లేటి నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరే దిక్కు కాబట్టి, వరద అంత తొందరగా తీయదు.

ఇలాంటి చోట్ల అక్కరకొచ్చేదే కన్సోల్ సర్వర్. రౌటర్లకు నెట్‌వర్క్ పోర్టులతో పాటు ‘కన్సోల్’ అనే సీరియల్ పోర్ట్ ఒకటి ఉంటుంది. సెట్టింగులు చెడిపోయి నెట్‌వర్క్ పనిచేయకున్నా, పరికరానికి కరెంటు ఉంటే చాలు, అది మాట్లాడుతుంది. అలాంటి 8, 16 లేదా 48 పోర్టులను ఒకే పెట్టెకు కలిపితే, ఆఫీసులో కూర్చునే వాటిని చూడొచ్చు.

అయితే రెండు వైపులా ఒకే లెక్క ఉండాలి. చాలా రౌటర్లకు వేగం 9600, కొత్త పరికరాలు కొన్నింటికి 115200. డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. వేగం కలవకపోతే తెరపై పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అసలేమీ కనిపించకపోతే? ముందు కేబుల్‌నే అనుమానించండి. చూడటానికి మామూలు నెట్‌వర్క్ కేబుల్‌లాగే ఉంటుంది గానీ, లోపల వైర్ల వరుస కంపెనీని బట్టి మారుతుంది. తర్వాత ఫ్లో కంట్రోల్ చూడాలి. దానికి కావాల్సిన వైర్లు లేని కేబుల్ వేసి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేస్తే తెర ఖాళీగానే ఉండిపోతుంది. పాపం, నింద రౌటర్ మీద పడుతుంది.

ప్రతి పోర్టుకూ ఊరు, పరికరం పేరు పెట్టాలి. ‘పోర్ట్ 7’ అని వదిలేస్తే అర్ధరాత్రి ఎవరో వేరే రౌటర్‌ను రీబూట్ చేస్తారు. టెల్నెట్ ఆపేసి ఎస్‌ఎస్‌హెచ్ మాత్రమే ఉంచాలి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి. ఇంకో చిక్కుంది. మీరు విండో మూసేసినంత మాత్రాన రౌటర్ లాగౌట్ కాకపోవచ్చు. తర్వాత వచ్చినవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది. అందుకే కొన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే దానంతటదే లాగౌట్ అయ్యేలా రౌటర్‌లోనే పెట్టుకోవాలి.

అసలు కీలకం దారి. కన్సోల్ సర్వర్‌కు విడిగా 4జీ సిమ్ వేస్తారు. ఆ టవర్ కూడా అదే ఫైబర్ మీద ఆధారపడితే రెండూ ఒకేసారి పోతాయి! బ్యాటరీ బ్యాకప్ కూడా ఉండాలి.

ఫైబర్ తెగితే మాత్రం ఈ పెట్టె ఏమీ చేయలేదు. కాకపోతే తెగింది కేబులేనని ముందే తేలుతుంది కాబట్టి, వెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్ ఒక్కటే కాకుండా స్ప్లైసింగ్ మెషీన్ కూడా పట్టుకెళ్తారు.