38 గజాల దూరంలో జింక... బాణం వదలాలా?

మిషిగన్‌లో అక్టోబరు సాయంత్రం. లైసెన్సు జేబులో ఉంది, చెట్టు మీద మంచెలో నేనున్నా. (మన దగ్గరైతే జింకను వేటాడితే నేరం, 1972 చట్టం.) రేంజ్‌ఫైండర్‌లో 38 గజాలు!

ప్రాక్టీసులో 40 గజాలకీ గురి తప్పను. కానీ ప్రాక్టీసు బొమ్మ కదలదు కదా. నా బాణం వేగం సెకనుకు 280 అడుగులు, శబ్దానిది దాదాపు 1,100. నారి చప్పుడే ముందు చేరుతుంది. జింక ఉలిక్కిపడి, పరిగెత్తే ముందు కిందికి వంగుతుంది. 20 గజాలకు బాణం 0.21 సెకన్లలో చేరుతుంది, 38కి 0.4 పడుతుంది. అంతలో ఊపిరితిత్తులకు పెట్టిన గురి వెన్నుకు తగలొచ్చు.

పోయినేడాది ఇలాగే వదిలా. నెత్తుటి చుక్కల వెంట టార్చితో అర్ధరాత్రి దాకా వెతికా. దొరకలేదు. అప్పట్నుంచి నా హద్దు 25.

విల్లు దించేశా. అది ఇంకో అయిదు నిమిషాలు అక్కడే మేసింది.