ఇంటర్నెట్ టీవీ చందాను ప్లేయర్ యాప్‌కు అనుసంధానించుట – గోదావరి డెల్టా వినియోగదారులకు అవగాహన

రాజమహేంద్రవరం: ఒకే తీగ ద్వారా టెలివిజన్, ఇంటర్నెట్, టెలిఫోన్ సేవలు గోదావరి డెల్టా గ్రామాలకు అందుబాటులోకి వచ్చి కొన్ని సంవత్సరాలు గడిచాయి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా, ప్రస్తుత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు 2016 డిసెంబరు 29న ఫైబర్ సేవలను ప్రారంభించారు. జీడిపప్పు పరిశ్రమకు పేరెన్నికగన్న ఈ గ్రామం ఆ విధంగా రాష్ట్రంలో నూతన ప్రయోగానికి వేదిక అయింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. మూడు సేవలకూ కలిపి ప్రారంభ చందా నెలకు 149 రూపాయలుగా నిర్ణయించారు. భూమిని తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల వ్యయం తగ్గింది. అయితే తుపాను వేళ కొబ్బరి చెట్టు విరిగి స్తంభంపై పడితే కరెంటుతో పాటు టీవీ కూడా నిలిచిపోవడం డెల్టా వాసులకు అనుభవమే.

ఇటీవలి కాలంలో ఇదే ఇంటర్నెట్‌పై ప్లేయర్ యాప్‌ల ద్వారా టీవీ చూసే అలవాటు పెరిగింది. ఈ విషయంలో వార్తలు రాసే విలేకరులు, అర్జీలు స్వీకరించే అధికారులు ముందుగా గుర్తించవలసిన భేదం ఒకటున్నది. తీగ వేరు, చందా వేరు, ప్లేయర్ యాప్ వేరు. తీగ ఇంటర్నెట్‌ను తెస్తుంది. చందా ఛానెళ్లను చూసే హక్కును ఇస్తుంది. ప్లేయర్ యాప్ తనకు చూపిన చిరునామా నుంచి వచ్చే దృశ్యాన్ని తెరపై చూపుతుంది, అంతే. వీఎల్‌సీ, కోడి వంటి ప్రసిద్ధ ప్లేయర్లు ఛానెళ్ల చందాను విక్రయించవు. "ఫలానా యాప్‌లో అన్ని ఛానెళ్లూ ఉచితం" అని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ ఛానెళ్లు యాప్‌లోనివి కావని, వేరెవరో ఇచ్చిన చిరునామా నుంచి వస్తున్నాయని గ్రహించాలి.

ఆపరేటర్ ఇచ్చిన సెట్‌టాప్ బాక్సులోని ఛానెళ్లు ఫోన్‌లోని ప్లేయర్‌లో ఎందుకు రావన్న ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. ఐపీటీవీ పద్ధతిలో సంస్థ తన సొంత నెట్‌వర్కులో ఒక్కొక్క ఛానెల్‌ను ఒకే ప్రవాహంగా పంపుతుంది. ఊరిలో నూరు ఇళ్లవారు ఒకే ఛానెల్ చూస్తున్నా ప్రధాన మార్గంలో నడిచేది ఆ ఒక్క ప్రవాహమే. పెద్ద కాలువలో నీరు ఒక్కటే, బోదెల వద్ద చీలి చేలకు చేరినట్లు ఇది సాగుతుంది. నమోదైన బాక్సు మాత్రమే దానిని అందుకొని తెరువగలదు. యాప్ పద్ధతిలో ప్రతి వీక్షకునికీ వేరుగా ప్రవాహం రావలసి ఉంటుంది. కాబట్టి బాక్సు చందా ఉన్నంత మాత్రాన యాప్ హక్కు లభించినట్లు కాదు. ఆ సదుపాయం చందాలో ఉన్నదో లేదో సంస్థనే అడిగి తెలుసుకోవాలి.

ఉన్నట్లయితే అనుసంధానం కష్టమైనది కాదు. సంస్థ సర్వర్ చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తుంది, లేదా ఆ మూడూ ఇమిడి ఉన్న ఎం3యు ప్లేలిస్టు లింకును పంపుతుంది. యాప్‌లో కొత్త ప్లేలిస్టును చేర్చే చోట వీటిని ఒక్క అక్షరం, ఒక్క చుక్క తప్పకుండా నమోదు చేయాలి. పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల తేడా వల్ల కూడా వైఫల్యాలు కలుగుతాయి. ఛానెళ్ల పట్టిక వచ్చాక కార్యక్రమాల వేళల సూచికకు వేరే చిరునామా ఉంటే దానినీ చేర్చాలి. వేళలు ఐదున్నర గంటలు తేడాగా కనిపిస్తే లోపం ప్రసారంలో లేదు, కాలమండలం అమరికలో ఉన్నది. ఒకే చందాపై ఏకకాలంలో ఎన్ని తెరలు నడుస్తాయన్నదానికీ పరిమితి ఉంటుంది. హాలులో టీవీ నడుస్తుండగా గదిలో ఫోన్ ఆగిపోవడానికి తరచుగా ఇదే కారణం.

డేటా లెక్క కూడా ముఖ్యమే. సెకనుకు 5 మెగాబిట్ల వేగంతో వచ్చే ప్రసారం గంటకు సుమారు 2.25 జీబీని వినియోగిస్తుంది. రోజుకు 3 గంటలు చూసే కుటుంబానికి నెలకు 200 జీబీ పైచిలుకు అవసరం. మొబైల్ డేటాపై చూసేవారు దీనిని గమనించాలి.

ప్లేలిస్టు లింకులోనే చాలాసార్లు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ బాహాటంగా ఉంటాయి. దానిని వాట్సాప్ గ్రూపులో పెట్టడమంటే ఇంటి తాళంచెవిని సంత వీధిలో వేలాడదీయడమే. గల్ఫ్ దేశాలకు వెళ్లినవారున్న కుటుంబాలు కోనసీమలో అధికం. ఇక్కడి చందాను అక్కడివారికి పంపాలన్న కోరిక సహజమే అయినా, ప్రసార హక్కులు దేశాలవారీగా ఉంటాయి. భారతదేశానికి పరిమితమైన చందా కువైట్‌లో పనిచేయకపోవచ్చు.

ఈ కోరికను ఆసరా చేసుకొనే, ఏడాదికి వందల రూపాయలకే వేల ఛానెళ్లంటూ అపరిచితులు లింకులు అమ్ముతుంటారు. సొమ్ము ముందే చేతులు మారుతుంది. సర్వర్ ఆగిన రోజున అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. వినియోగదారుడు ఊరి కేబుల్ ఆపరేటర్‌ను నిలదీస్తాడు. ఆపరేటర్ ఇచ్చిన తీగ సక్రమంగానే పనిచేస్తున్నా నింద అతనిపై పడుతుంది, ఉన్న చందాదారుడూ దూరమవుతాడు. అర్జీ విచారణలో ఇంటర్నెట్ ఆగిందా, ఛానెల్ మాత్రమే ఆగిందా అని మొదట అడిగితే చాలావరకు విషయం తేలిపోతుంది.

దేశంలో ఐపీటీవీ సేవలకు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2008 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. అనుమతి లేకుండా ఛానెళ్లను తిరిగి ప్రసారం చేయడం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలున్నది. చట్టబద్ధంగా, రుసుము లేకుండా చూడదలచినవారికి ప్రసార భారతి 2024 నవంబరు 20న ప్రారంభించిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ ఛానెళ్లు లభిస్తాయి.

లింకు కొని మోసపోయినవారు 1930 సైబర్ నేరాల సహాయవాణికి జాప్యం లేకుండా తెలియజేయాలి. చెల్లింపు లావాదేవీ సంఖ్య, అమ్మినవారి ఫోన్ నంబరు, వచ్చిన లింకు దగ్గర ఉంచుకోవాలి. చందా తీసుకున్న సంస్థ సేవలోనే లోపముంటే ముందుగా ఆ సంస్థకు ఫిర్యాదు చేసి దాని సంఖ్యను పొందాలి. పరిష్కారం కాని పక్షంలో ఆ సంఖ్యతో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915ను సంప్రదించవచ్చు.